ఎదురు మెట్ల మీది చెప్పులు

రేపల్లె స్టేషన్ రోడ్డులో వామనరావు అనే పళ్ళ డాక్టరు ఉండేవాడు. చేతిపని మంచిదే గాని, ఇంకొకరి మెట్ల మీద చెప్పులు కనబడితే ఆ పూట ఆయనకు అన్నం సయించేది కాదు.

చెప్పులంటే పేషెంట్లు విడిచి లోపలికి వెళ్ళిన చెప్పులు. ఆ ఊళ్ళో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా చెప్పులు మెట్ల మీదే విడవాలి. అందుకని ఏ డాక్టరుకు ఎంత గిరాకీ ఉందో రోడ్డున పోయేవాడికి కూడా తెలిసిపోయేది. చాలాకాలం ఊరి మొత్తానికి పళ్ళ డాక్టరు వామనరావు ఒక్కడే. చెప్పులన్నీ ఆయన మెట్ల మీదే ఉండేవి. ఆ రోజుల్లో ఆయన చాలా మంచివాడు. అందరినీ నవ్వుతూ పలకరించేవాడు, ముసలివాళ్ళను చెయ్యి పట్టుకుని మెట్లు దింపేవాడు.

తర్వాత మృణాళిని అనే చిన్న డాక్టరు వచ్చి, రోడ్డుకు అవతల, సరిగ్గా ఆయన కిటికీకి ఎదురుగా క్లినిక్ పెట్టింది. బోర్డు కట్టించకముందే బత్తాయిల సంచితో ఆయన దగ్గరికి వచ్చింది.

"మీ ఆశీర్వాదం కావాలి సార్," అంది.

"తప్పకుండా అమ్మా. వృద్ధిలోకి రావాలి," అన్నాడు వామనరావు.

పాపం, ఆ పిల్ల ఆయన మాట నిజమనుకుంది. వృద్ధిలోకి వచ్చింది. ఆమె చేసిన నేరం అదే.

ఆమె చెయ్యి మెత్తన. సూది వేసేముందు ఏం చేయబోతోందో చెప్పేది. పిల్లలు భయపడితే అద్దం చేతికిచ్చి వాళ్ళ పళ్ళు వాళ్ళకే చూపించేది. మొదట పిల్లల్ని తీసుకుని తల్లులు వెళ్ళారు. తర్వాత తల్లులు తమ కోసం వెళ్ళారు. తర్వాత మొగుళ్ళను లాక్కెళ్ళారు. వామనరావు ఒక పేషెంటుకూ ఇంకో పేషెంటుకూ మధ్య కిటికీ తెర ఎత్తి అటు చూసేవాడు. చూసి చూసి, చెప్పులను బట్టి మనుషుల్ని గుర్తుపట్టడం వచ్చేసింది.

"ఆ ఎర్ర పట్టీల జోడు పోస్టుమాస్టరు గారి భార్యది. పోయిన నెల దాకా మన దగ్గరికే వచ్చేది," అన్నాడు ఒకరోజు భోజనం ముందు కూర్చుని.

ఆయన భార్య భ్రమరాంబ కూర వడ్డిస్తూ, "మీరు డాక్టరా, చెప్పుల కొట్టు యజమానా? నోళ్ళలోకి చూడాల్సిన మనిషి రోడ్డు మీదికి చూస్తారేం?" అంది.

"నీకేం తెలుసు? నిన్నగాక మొన్న వచ్చింది. నాకు చదువు చెప్పిన మేష్టారికి కూడా ఇంత పేరు లేదు."

"ఆ పిల్ల మిమ్మల్ని ఒక్క మాటా అనలేదుగా."

"అదే నా బాధ. ఏదైనా అంటే బాగుండు," అన్నాడు వామనరావు, ఆ పూట పెరుగన్నం తినకుండానే లేచిపోయాడు. కడుపుమంట ఉన్నవాడికి ఎదుటివాళ్ళ మంచితనం కూడా తిట్టులాగే వినపడుతుంది మరి.

ఇలా ఉండగా ఆ ఊళ్ళో ఏకాంబరం అనే సన్నాయి విద్వాంసుడికి జ్ఞానదంతం నొప్పి పట్టుకుంది. చుట్టుపక్కల ఏ పెళ్ళి జరిగినా ఏకాంబరం మేళమే ఉండాలి. తాళి కట్టే సమయంలో ఆయన సన్నాయి ఎత్తితే పందిట్లో మాటలు ఆగిపోయేవి. అలాంటి మనిషి దవడ వాచి, సన్నాయి నోట పెట్టలేక, మృణాళిని దగ్గరికి వెళ్ళాడు. ఆమె ఎక్స్‌రే తీసి పన్ను తీసింది. నొప్పి పోయింది. కాని కింది పెదవి ఒక పక్క మొద్దుబారిపోయింది. గిల్లినా తెలియలేదు. సన్నాయి కొసన ఊదే పీక పెదవుల మధ్య పెట్టుకుంటే ఎక్కడ పట్టుకున్నాడో ఆయనకే తెలియడం లేదు. ఒక పెళ్ళిలో గాలి పక్కనుంచి పోయి, సన్నాయి పిల్లి కూతలా కూసింది. పెళ్ళివారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కొన్ని నెలల్లో తిరిగొస్తుంది ఏకాంబరం గారూ. రోజూ కాసేపు ఉత్త పీక నోట పెట్టి మెల్లగా ఊదుతూ ఉండండి. మానకండి," అంది మృణాళిని.

కాని భయపడిన మనిషికి ఓర్పు ఉండదు. ఏకాంబరం సరాసరి ప్లీడరు అచ్యుతరామయ్య దగ్గరికి పోయాడు. అచ్యుతరామయ్య పెద్దవాడు, మాట కటువు, మనసు నిక్కచ్చి.

"ఆవిడ మీద కేసు వేయాలండీ. నా బతుకు తీసేసింది," అన్నాడు ఏకాంబరం.

"కూర్చో. డాక్టరు మీద కేసంటే పొలం గట్టు తగాదా కాదు. కొన్ని చూపించాలి. ఆవిడ నిన్ను తన పేషెంటుగా తీసుకుందా? తీసుకుంది. అందులో పేచీ లేదు. నీకు నష్టం జరిగిందా? జరిగింది, నీ మూతే చెబుతోంది. అసలు కష్టం ఈ రెంటి మధ్యా ఉంది. ఆవిడ తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకోలేదని చూపించాలి. అలా తీసుకోకపోవడం వల్లే నీ పెదవి ఇలా అయిందనీ చూపించాలి."

"పెదవి పోయాక ఇంకా చూపించేదేముందండీ?"

"పని చెడిపోవడం వేరు, పని సరిగ్గా చేయకపోవడం వేరు. పెళ్ళి మధ్యలో నీ సన్నాయి పీక చీలిందనుకో. అంతమాత్రాన నీకు వాయించడం రానట్టేనా?"

"పీక చూసుకోకుండా వెళ్తే తప్పు నాదేనండి. చూసుకుని వెళ్ళినా చీలిందంటే, ఇక దాన్ని ఎవరేం చేస్తారు?"

"అంతే. ఆవిడ పీక చూసుకుందా లేదా అన్నదే మన కేసు. అది నాకు తెలీదు, నీకు తెలీదు. వినియోగదారుల కమిషన్‌లో కూర్చునే వాళ్ళకూ తెలీదు. అదే చదువు చదివి, అదే లైసెన్సు ఉన్న ఇంకో డాక్టరు చూసి చెప్పాలి. రెండేళ్ళ దాకా గడువుంది, తొందరేం లేదు. ఆ డాక్టరు తప్పు లేదన్నాడో, ఈ ఫైలు మూసేస్తాను. తప్పు లేనివాళ్ళను బోనెక్కించడం నా వృత్తి కాదు."

ఏకాంబరం సరేనన్నాడు. అచ్యుతరామయ్య పై ఊళ్ళ డాక్టర్లను అడిగి చూశాడు. మనకెందుకు లెండి అని అందరూ తప్పుకున్నారు. ఇక ఊళ్ళో మిగిలింది వామనరావే. ఇద్దరూ కలిసి ఆయన క్లినిక్‌కు వెళ్ళారు.

"డాక్టరుగారూ," అన్నాడు అచ్యుతరామయ్య, "ఇక్కడ కొలత గొప్ప డాక్టరు కాదు. మామూలు జాగ్రత్త ఉన్న పళ్ళ డాక్టరు అదే కుర్చీ పక్కన నిలబడితే ఏం చేసేవాడు? ఆవిడ అంతకన్నా తక్కువ చేసిందా? చేస్తే చేసిందనండి. చేయకపోతే లేదనండి. మీ మాట మీద ఒక మనిషి బతుకు, ఇంకో మనిషి పేరు ఉన్నాయి."

"నాకు వదిలేయండి," అన్నాడు వామనరావు. లోపల ఆయన గుండె పెళ్ళిలో డోలులా మోగుతోంది.

ప్లీడరు వెళ్ళిపోయాక ఆయన ఏకాంబరం తెచ్చిన పాత ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూశాడు. పన్ను వేరు సరిగ్గా నరం మీద కూర్చుని ఉంది. ఏకాంబరాన్ని కుర్చీలో పడుకోబెట్టి నోరు తెరిపించాడు. పని శుభ్రంగా ఉంది. గాయం చక్కగా మానింది.

"ఒక్కసారే లాగేసిందా?" అని అడిగాడు.

"లేదండి. ముక్కలు చేసి, ఒక్కొక్కటీ నిదానంగా తీసింది."

వామనరావు మొహం చిట్లించాడు. నరం మీద బరువు పడకుండా తీసే పద్ధతి అదే. "ముందు ఏమైనా చెప్పిందా?"

"చెప్పిందండి. నరం దగ్గరగా ఉంది, పెదవి తిమ్మిరెక్కొచ్చు, గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్తారా అని అడిగింది. నేనే పెళ్ళిళ్ళు దగ్గర పడ్డాయి, ఇక్కడే తీసేయమన్నాను. ఆ నొప్పిలో నాకేమీ బుర్రకెక్కలేదు."

ఇంకేం కావాలి? ఆమె చూసుకుంది, చెప్పింది, జాగ్రత్తగా చేసింది. అయినా ఇలా జరిగింది. ఇలా ఒక్కోసారి జరుగుతుందని వామనరావు కంటే బాగా తెలిసినవాడు ఊళ్ళో లేడు. ఎందుకంటే కొన్నేళ్ళ కిందట తన భార్య భ్రమరాంబ జ్ఞానదంతం తనే ఇదే కుర్చీలో తీశాడు. ఇంటి మనిషే కదా అని ఎక్స్‌రే కూడా తీయలేదు. ఆవిడ పెదవి కూడా ఇలాగే మొద్దుబారింది. కాఫీ తాగితే పక్కనుంచి కారిపోయేది, తెలిసేది కాదు. ఆయనే తన రుమాలుతో తుడిచేవాడు. కొన్ని నెలలకు స్పర్శ దానంతటదే తిరిగొచ్చింది. ఆ సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

ఇప్పుడు గుర్తొచ్చింది. "ఆవిడ తప్పేం లేదు, ఓపిక పట్టు" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఎదురు క్లినిక్ తలుపు చప్పుడైంది. ఆయన తెర ఎత్తి చూశాడు. మెట్ల మీద చెప్పులకు చోటు చాలక రోడ్డు దాకా వచ్చాయి. వాటి మధ్య తన సొంత బావమరిది కొత్త బూట్లు కూడా ఉన్నాయి.

వామనరావు తెర దించేశాడు. నాలుక చివరి మాట మింగేశాడు.

"జాగ్రత్త ఉన్న ఏ డాక్టరూ ఇలాంటి పన్ను రేపల్లెలో ముట్టుకోడు. నరం దగ్గరున్న పన్ను చిన్న క్లినిక్‌లో తీయడమే నిర్లక్ష్యం," అన్నాడు. అదే మాట కాగితం మీద పెట్టి సంతకం చేశాడు.

ఏకాంబరం భయంగా, "పెదవి మళ్ళీ వస్తుందంటారా?" అని అడిగాడు.

ఇక్కడ వామనరావు కొంచెం తటపటాయించాడు. వస్తుందంటే కేసులో పసలేదు. నాలుగు నెలల తిమ్మిరికి ఎవరి పేరూ పోదు.

"రాదు," అన్నాడు.

"ఆవిడ రోజూ ఊదమందండీ..."

"లేనిపోని ఆశలు. నరం పోయింది. ఇక ఆ సన్నాయిని అటకెక్కించు."

నా చేతిలో ఉంటే ఆ క్షణాన ఆ మనిషి నోరు నేనే మూసేసేవాణ్ణి. ఆమె మీద అసూయ ఉంటే ఉండనీ. నమ్మి వచ్చి కుర్చీలో పడుకున్నవాడు ఏం పాపం చేశాడు?

ఏకాంబరం సన్నాయిని తువ్వాలులో చుట్టి అటకెక్కించాడు. పీక నోట పెట్టడం మానేశాడు. పెళ్ళిళ్ళకు ఆయన తమ్ముడు సన్నాయి పట్టుకున్నాడు. ఏకాంబరం తన మేళంలో తనే వెనక కూర్చుని శ్రుతిపెట్టె పట్టుకున్నాడు. తమ్ముడు తడబడిన చోటల్లా ఆయన మొద్దుబారిన పెదవి తనకు తెలియకుండానే కదిలేది. పెళ్ళివారు జాలిగా చూసేవారు. ఆ జాలి ఆయన భరించలేకపోయేవాడు.

ఇక్కడ వామనరావు మాత్రం కేసు దాఖలు కాకముందే క్లబ్బులో, రైల్వే ప్లాట్‌ఫారం మీద, టీ కొట్టు దగ్గర ఆ కబురు చెప్పేశాడు. "ఇలాంటి పళ్ళు ఇక్కడ ముట్టుకోకూడదండీ. ఎంత ధైర్యం చూడండి," అనేవాడు తల ఊపుతూ. ఊరు విన్నది. ఎదురు మెట్ల మీది చెప్పులు పల్చబడ్డాయి. ఆయన మెట్ల మీద మళ్ళీ చేరాయి. ఎర్ర పట్టీల జోడు కూడా తిరిగొచ్చింది.

"ఈమధ్య అన్నం బాగా తింటున్నారే," అంది భ్రమరాంబ.

"ఎండలు తగ్గాయిగా," అన్నాడు వామనరావు. కేసు సంగతి ఆమెకు చెప్పలేదు, బయట చెప్పే కబురు ఇంటి దాకా రానివ్వలేదు. ఆమె పెదవి వంక చూడటం కూడా మానేశాడు.

వామనరావు రాసిచ్చిన కాగితం పెట్టి అచ్యుతరామయ్య కేసు వేశాడు. విచారణ గుంటూరులో జరిగింది. వామనరావు ఒక్కడే వెళ్దామనుకున్నాడు. భ్రమరాంబ వదల్లేదు.

"దేనికి వెళ్తున్నారు?"

"ఏదో కేసులో డాక్టరుగా సాక్ష్యం చెప్పమన్నారు. పెద్దవాణ్ణి గదా."

"మంచిదే. దారిలో నా పట్టుచీరకు ఫాల్ కుట్టించుకొస్తాను," అని బయల్దేరింది. ఆ చీర ఆ రోజు సంచిలోనే ఉండిపోయింది.

లోపల వామనరావును పిలిచారు. మృణాళిని ప్లీడరును పెట్టుకోలేదు. తన మాట తనే చెప్పుకుంటానంది. కమిషన్ అధ్యక్షురాలు సరేనంది. వయసు తక్కువైనా మృణాళిని గొంతు వణకలేదు.

"సార్, నేను ఎక్స్‌రే తీశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గుంటూరు వెళ్తారా అని అడిగాను. ముక్కలు చేసి తీశాను. ఇందులో ఏది తప్పో ఒక్కటి చెప్పండి. ఇక జన్మలో చేయను."

వామనరావు గొంతు సవరించుకున్నాడు. "ఒకటని ఏముంది... అసలు తీయడమే తప్పు."

"మీరెప్పుడూ ఇలాంటి పన్ను మీ క్లినిక్‌లో తీయలేదా సార్?"

ఆమె మామూలుగానే అడిగింది. ఆమెకు ఏమీ తెలియదు. ఆ నిమిషాన కూడా వామనరావుకు నిజం చెప్పే దారి ఉంది. కాని ఎదురుగా నిలబడింది మృణాళిని.

"లేదు," అన్నాడు.

సరిగ్గా అదే సమయంలో బయట వరండాలో భ్రమరాంబ బల్ల మీద కూర్చుని ఉంది. పక్కన ఏకాంబరం టీ తాగుతున్నాడు. టీ ఆయన పెదవి పక్కనుంచి కారి చొక్కా మీద పడింది. ఆయనకు తెలియలేదు. ఆవిడ చూసింది.

"ఏకాంబరం, మూతి తుడుచుకో. పెదవి మొద్దుబారిందా ఏం?"

"అవునమ్మగారూ. పన్ను తీయించుకుంటే ఇలా అయింది."

"అయ్యో, నాకూ అచ్చం ఇలాగే అయింది. కాఫీ అంతా ఇలాగే కారిపోయేది. భయపడకు. కొన్నాళ్ళకు అదే వచ్చింది."

ఏకాంబరం గ్లాసు పక్కన పెట్టేశాడు. "తిరిగొచ్చిందా? మీకు తిరిగొచ్చిందా అమ్మగారూ?"

"ఇదుగో, బ్రహ్మాండంగా ఉంది. మా ఆయనే తీశారు ఆ పన్ను. ఎక్స్‌రే కూడా తీయలేదు, మహానుభావుడు. నువ్వు రోజూ ఊదుతున్నావా? మా అమ్మాయి పెళ్ళిలో నువ్వు వాయించింది ఇంకా చెవుల్లోనే ఉంది."

"మానేశానండి. ఇక రాదు, అటకెక్కించమన్నారు."

"ఎవడా బుద్ధిలేనివాడు?"

ఏకాంబరం తెరిచిన తలుపులోంచి లోపలికి చూశాడు. ఆవిడా అటే చూసింది. బోనులో ఆవిడ భర్త నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఆ చిన్న డాక్టరు నిలబడి ఉంది. భ్రమరాంబకు అంతా అర్థమైంది. ఎండలు తగ్గడం వల్ల కాదు ఆయన అన్నం తింటున్నది. ఆవిడ మొహం తెల్లబోయింది.

"పద. నువ్వెళ్ళి ఆయన్నే అడుగు. నేను గుమ్మంలో నిలబడతాను," అంది.

ఏకాంబరం పిలవకుండానే లోపలికి నడిచాడు. "అమ్మా, ఒక్క మాట. కేసు నాదే గనక అడుగుతున్నాను," అని అధ్యక్షురాలికి దండం పెట్టి, వామనరావు వైపు తిరిగాడు. "డాక్టరుగారూ, అమ్మగారి జ్ఞానదంతం ఎవరు తీశారండీ?"

వామనరావు తలెత్తి గుమ్మం వైపు చూశాడు. భ్రమరాంబ కింది పెదవిని వేలితో ఒకసారి తాకింది, అంతే.

అచ్యుతరామయ్య లేచాడు. "డాక్టరుగారూ, మీరు నేను తెచ్చిన సాక్షి. అయినా అడగక తప్పదు. ఎవరు తీశారు?"

వామనరావు ఇంకొక్కసారి అబద్ధం చెప్పగలడు. కాని భార్య ఎదురుగా నిలబడి పెదవి మీద వేలు పెట్టుకుంటే ఎంత అసూయపరుడికైనా నోరు రాదు.

"నేనే," అన్నాడు.

"చిన్న క్లినిక్‌లోనేనా?"

"అవును."

"ఎక్స్‌రే తీశారా?"

"లేదు."

"ఆవిడ పెదవి పోయిందా?"

"పోయి, తిరిగొచ్చింది."

"మరి ఈ డాక్టరమ్మ చేసినదాంట్లో జాగ్రత్త ఎక్కడ తగ్గింది?"

"ఎక్కడా తగ్గలేదు. నాకంటే ఎక్కువే ఉంది," అన్నాడు వామనరావు. ఆ ఒక్క మాట ఆనాడు తన క్లినిక్‌లోనే చెప్పి ఉంటే అసలు ఇంతదూరం వచ్చేదే కాదు.

అచ్యుతరామయ్య కాగితాలు మడిచేశాడు. "మా కేసు వెనక్కి తీసుకుంటున్నామండి," అన్నాడు. అధ్యక్షురాలు ఒప్పుకుని, వామనరావు వైపు చూసింది.

"డాక్టరుగారూ, మాకు పళ్ళ సంగతి తెలియదు. అందుకే పెద్ద కోర్టువారు ఇంకో డాక్టర్ని అడగమన్నారు. తప్పు చేసినవాళ్ళు తప్పించుకోకూడదు, చేయనివాళ్ళు నలిగిపోకూడదు అని. ఆ డాక్టరే ఇలా చెబితే మేం ఎవర్ని అడగాలి? మీ సంగతి మీ పళ్ళ డాక్టర్ల కౌన్సిల్‌కు రాస్తున్నాం," అంది.

వామనరావుకు ఆ మాట తగిలింది. కాని మెట్లు దిగేటప్పుడు ఏకాంబరం అన్న మాట ఇంకా లోతుగా తగిలింది.

"మీకూ ఆవిడకూ మధ్య ఏమన్నా ఉంటే మీరూ మీరూ చూసుకోండి డాక్టరుగారూ. నేను మిమ్మల్ని అడిగింది ఒక్కటే, వస్తుందా రాదా అని. రాదన్నారు. అటకెక్కించమన్నారు. ఇన్ని నెలలూ ఊదుకుంటూ ఉండేవాణ్ణి కదా!" అని ఏకాంబరం పెద్దగా ఏడ్చాడు.

ఏకాంబరం తిరిగి మృణాళిని దగ్గరికే వెళ్ళాడు. సిగ్గుపడుతూ గుమ్మంలో నిలబడ్డాడు.

"రండి. పీక తెచ్చారా?" అంది మృణాళిని.

ఆమె అంతకు మించి ఏమీ అడగలేదు. మొదట గాలి పక్కనుంచి పోయింది. తర్వాత ఒక స్వరం నిలబడింది. ఒక పొద్దున వేడి టీ పెదవికి చురుక్కున తగిలి, ఏకాంబరం "అబ్బా!" అని అరిచి, ఆ వెంటనే పగలబడి నవ్వాడు. అయితే ఆ ఏటి పెళ్ళిళ్ళు అప్పటికే అయిపోయాయి. ఆయన వెనక కూర్చుని శ్రుతిపెట్టె పట్టుకున్న ముహూర్తాలు ఎవరూ తిరిగి తెచ్చి ఇవ్వలేదు.

కౌన్సిల్ వామనరావును పిలిచి గట్టిగా మందలించింది. కాని ఊరు వేసిన శిక్ష అంతకన్నా పెద్దది. ఊరు ఆయన్ని తిట్టలేదు. ఆయన మాటే ఆయనకు అప్పజెప్పింది. ఎవరికైనా జ్ఞానదంతం నొప్పి వచ్చి, ఆయన "కూర్చో, తీసేస్తాను" అంటే, "వద్దులెండి. ఇలాంటివి రేపల్లెలో ముట్టుకోకూడదని మీరే గదా అన్నారు," అని లేచిపోయేవాళ్ళు. కొందరు గుంటూరు రైలెక్కేవాళ్ళు. చాలామంది రోడ్డు దాటేవాళ్ళు. మృణాళినిని కొలవడానికని ఆయన చేసిన కొలబద్దతో ఊరంతా ఆయన్నే కొలవసాగింది.

మరుసటి ఏడు పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. ఒక సాయంత్రం స్టేషన్ రోడ్డు మీద ఊరేగింపు వస్తోంది. ముందు డోలు, వెనక సన్నాయి. ఏకాంబరం మృణాళిని క్లినిక్ ముందు ఆగాడు. కళ్ళు మూసుకుని, ఆ మెట్ల వైపు తిరిగి చాలాసేపు వాయించాడు. పెళ్ళికొడుకు కూడా ఓపిగ్గా ఆగాడు. దుకాణాల వాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు.

వామనరావు తన ఖాళీ క్లినిక్‌లో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అలవాటుగా కిటికీ తెర ఎత్తాడు. ఎదురు మెట్ల నిండా చెప్పులే. ఆ చెప్పుల్లో ఒక జత ఆయనకు బాగా తెలుసు. పోయిన పండక్కి ఆయనే కొనిచ్చాడు. రెండు రోజుల్నుంచి భ్రమరాంబకు పన్ను నొప్పిగా ఉంది. ఆవిడ ఆయనకు చెప్పలేదు.

ఈసారి ఆయన కడుపు మండలేదు. సిగ్గేసింది. తెర దించకుండా, సన్నాయి వీధి చివర మలుపు తిరిగేదాకా అలాగే నిలబడిపోయాడు.

పక్కవారి పని మంచిదా చెడ్డదా చెప్పమని మనల్ని అడిగినప్పుడు అసూయతో చెబితే, ఆ దెబ్బ మొదట మనల్ని నమ్మి అడిగినవాడికి తగులుతుంది, చివరికి మనకే తగులుతుంది. కాబట్టి ఇంకొకరి తప్పొప్పులు తేల్చేముందు మన మనసులోని అసూయను చెప్పుల్లాగే గుమ్మం బయట విడిచి రావాలి.